తోలుపెట్టె మీది పేరు

రామగుండం బొగ్గు ప్రాంతమందలి సెంటినరీ కాలనీకి పేరులోనే చరిత్ర ఉన్నది. 1889లో ఇల్లందు ప్రాంతమున సింగరేణి బొగ్గు తవ్వకము ఆరంభమైనది. ఆ నూరేండ్లను ఈ పేరు జ్ఞాపకము చేయుచున్నది. కాని గనులకంటె ఎంతో పాతదైన తోలుపని ఈ ప్రాంతపు పల్లెలలో ఉండెడిది. దానికి ఎవరును శతాబ్ది జరుపలేదు. ఈ సంగతి మాకు తోచినది, దూరదేశపు వింత అభిరుచి ఒకటి తెలిసినప్పుడు.

అమెరికాలో పూల్ అను బల్ల ఆట కలదు. క్లబ్బులలో బిలియర్డ్సు చూచినవారికి దాని పోలిక తెలియును. బంతిని పొడుచు కర్రను క్యూ అందురు. మంచి క్యూ నడుమ మరతో విడదీయుటకు వీలుగా రెండు ముక్కలుగా ఉండును. ఎండకు, తేమకు కొయ్య వంగును గనుక దానిని పొడుగాటి తోలుపెట్టెలో భద్రపరచెదరు. చేతితో కుట్టి, తోలుమీద తీగలు, పూలు చెక్కిన అట్టి పెట్టెలను ఏరి కూర్చుకొనువారు అక్కడ ఉన్నారు. లోపల కర్ర లేకున్నను పెట్టెనే కొనువారును కలరు! వారు మొదట కుట్టును చూతురు, పిమ్మట చేసినవాని పేరును. జాక్ జస్టిస్ వంటి పనివాని పేరు వినగనే వెల పెరుగును.

ఈ ఆటకు తోలుతో పొత్తు పాతది. క్యూ కొనకు తోలుబిళ్ల అతికించు పద్ధతిని 19వ శతాబ్ది ఆరంభమున ప్రచారమునకు తెచ్చినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన మింగో. బంతికి కావలసిన తిరుగుడు దానివలననే వచ్చినది. దీని సోదరి స్నూకరు మన దేశముననే, 1875లో జబల్పూరు సైనిక శిబిరమున పుట్టినది. పుట్టించిన నెవిల్ చేంబర్లిన్ సైనికాధికారి. ఆ పేరుగల ప్రధానమంత్రి వేరు.

పూలు చెక్కుటకు అనువైనది చెట్ల బెరడుతో పదునుచేసిన తోలు. తడిపి ముద్ర వేసినచో అది నిలుచును. ఈ విద్య మన పల్లెలకు కొత్త కాదు. సున్నపు నీటితో వెండ్రుకలు ఊడ్చి, తంగేడు చెక్క ఊరిన లందలో తోలును దినముల తరబడి నానబెట్టెడివారు. బతుకమ్మను పేర్చువారికి తంగేడు పువ్వే తెలియును. దాని బెరడు చేసిన చాకిరి తెలియదు. ఆ బెరడుతో పదునైన దక్షిణదేశపు తోళ్లు మద్రాసు రేవునుండి ఓడలమీద ఇంగ్లండు చేరెడివి. అక్కడివారు వాటిని ఈస్టిండియా తోళ్లు అనిరి. చేసినవాని పేరు రేవు దాటలేదు. నిజమునకు ఊరే దాటలేదు.

ఆరె, రంపె చేతబట్టిన మాదిగ కుటుంబములు చెప్పులే కాదు, డప్పులను, మోటలను కుట్టెడివి. మోట యనగా ఎద్దులు బావినుండి లాగు తోలుసంచి. దాని తొండము కుట్టు వీడినచో మడి ఎండెడిది. అందుకై పంట కల్లములో ఆ కుటుంబమునకు మేర గింజలు కొలిచెడివారు. ఆ తోలు తోడిన నీటితో ఊరు బ్రదికినది. తోలు కుట్టినవానిని మాత్రము ఊరి వెలుపల ఉంచినది. అక్కడ పేరు వెల పెంచుచుండగా, ఇక్కడ పనివాని పేరు కులము పేరులో మునిగిపోయినది. ఇంజనులు, విద్యుత్ మోటారులు వచ్చినవి, మోట పోయినది. అపురూపముగా దాచినవారు మాకు కనబడలేదు.

తోలుబొమ్మలకు కొంత మేలు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించిరి. మోట కుట్టినవానికి అట్టి భాగ్యము లేదు.

శ్రోతల ఇండ్లలోను ఒక తోలుపెట్టె మిగిలి ఉండవచ్చును. 1960 ప్రాంతపు ట్రాన్సిస్టరు రేడియోలు అనేకము తోలు తొడుగులతో వచ్చెడివి. ముందువైపు శబ్దమునకై సన్నని రంధ్రములు, భుజమున తగిలించుకొనుటకు పట్టీ. ఆ పట్టీ తెగినప్పుడు వీథి మలుపున కూర్చుండి కుట్టి ఇచ్చిన పెద్దమనిషి పేరు ఇంటిలో ఎవరికైన జ్ఞాపకమున్నచో, దానిని తొడుగు లోపలివైపున వ్రాసి ఉంచవలెనని మా కోరిక. సిరా చెరిగిపోవును, సూదిమొనతో గీసినచో నిలుచును.