బాతుకి పొదగడం రాదా?

బాతు మంచి తల్లి కాదని ఒక మాట వాడుకలో ఉంది. గుడ్లు పెడుతుంది గానీ పొదగదు, ఎక్కడపడితే అక్కడ పెట్టేసి పోతుంది, ఓపిక లేదు అంటారు. కోడిపెట్టని చూసి నేర్చుకోమన్నట్టు ఉంటుంది ఆ మాట తీరు. 1908లో ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ రాసిన పిల్లల కథ ‘ద టేల్ ఆఫ్ జెమీమా పడిల్-డక్’ ఈ నింద చుట్టూనే నడుస్తుంది. తన గుడ్లు తనే పొదగాలన్నది జెమీమా అనే బాతు కోరిక. రైతు భార్య అందుకు ఒప్పుకోదు. ఇరవై ఎనిమిది రోజులు కూర్చునే ఓపిక తనకే లేదని, జెమీమాకి అసలే లేదని వదిన వరసైన రెబెకా తేల్చేస్తుంది. రహస్యంగా గూడు వెతుక్కుంటూ పోయిన జెమీమా నక్క మాటలు నమ్ముతుంది. ప్రాణం దక్కుతుంది గానీ, కాపాడడానికి వచ్చిన కుక్కపిల్లలే గుడ్లు తినేస్తాయి. చివరికి పొదగడానికి అనుమతి దొరికాక నాలుగు పిల్లలే బయటికొస్తాయి. ఆమెకి మొదట్నించీ పొదగడం చాతకాదని కథకురాలు కూడా ముద్ర వేస్తుంది. రైతు భార్య, సాటి బాతు, రచయిత్రి... తీర్పు చెప్పిన ముగ్గురూ ఆడవాళ్ళే. ఆ తీర్పు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే కథలోంచి చరిత్రలోకి వెళ్ళాలి.

మస్కోవీ జాతిని మినహాయిస్తే ఇంటి బాతులన్నిటికీ మూలం మల్లార్డ్ అనే అడవిబాతు. ఆ ఆడబాతు తన రొమ్ము మీది నూగు పీకి గూట్లో పరుస్తుంది. పొదుగు మొదలయ్యాక మగబాతు తన దారిన తను పోతుంది. సుమారు నాలుగు వారాలు ఆమె ఒక్కతే కూర్చుంటుంది. మేతకి లేచేటప్పుడు గుడ్లు చల్లారకుండా నూగు కప్పి వెళుతుంది. తడి ఈకలతో తిరిగొస్తుంది. గుడ్లని అటూ ఇటూ తిప్పుతుంది. ఇంత పని తెలిసిన జాతికి ఓపిక లేదనడం ఎలా కుదురుతుంది?

పొదుగుకి కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు. అసలు విషయం ఇదీ. గుడ్లే కావలసిన యజమానికి ఆ నెల రోజులూ నష్టం. కాబట్టి ఆ పని కోడికి అప్పగించారు. బాతు గుడ్లని కోడి కింద పెట్టాలని క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా సలహా ఇచ్చాడు. అంతకుముందే, క్రీ.పూ. 45 ప్రాంతంలో, కోడి పొదిగిన బాతుపిల్లలు నీళ్ళు కనబడగానే ఆ తల్లిని వదిలి పోతాయని సిసిరో రాశాడు. కోడిగుడ్డుకి 21 రోజులు, బాతుగుడ్డుకి 28 రోజులు. అంటే ఆ కోడి తనవి కాని పిల్లల కోసం ఇంకో వారం అదనంగా కూర్చుంటుంది. తరాల తరబడి, పొదుగుకి కూర్చోకుండా గుడ్లు పెడుతూ పోయే బాతులనే ఎంచి సంతతికి ఉంచుకున్నారు. అలా ఆ గుణం చాలా జాతుల్లో తగ్గిపోయింది. మనుషులే తగ్గించి, ఆ తర్వాత అది బాతు స్వభావం అన్నారు.

జెమీమా ఐల్స్‌బరీ జాతి బాతు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్‌లో, ఐల్స్‌బరీ చుట్టుపక్కల, కూలీనాలీ జనం ఇళ్ళలోనే ఈ బాతుపిల్లల్ని పెంచేవారు. ఒక్కో కోడి కింద సాధారణంగా 13 గుడ్లు పెట్టేవారు. చివరి వారం పెంకు మెత్తబడాలని రోజూ గోరువెచ్చని నీళ్ళు చిలకరించేవారు. ఎనిమిది వారాలు పెంచి, కోసి, ఈకలు పీకి లండన్ బజారుకి పంపేవారు. 1839లో ఊరికి రైలు వచ్చాక ఈ వ్యాపారం బాగా పెరిగింది.

ఇసబెల్లా బీటన్ 1861లో వెలువరించిన గృహనిర్వహణ గ్రంథంలో ఆ ఇళ్ళ వర్ణన ఉంది. కూర్చునే గదిలో, పడకగదిలో కూడా గోడల వెంట ఎండుగడ్డి పరిచిన చెక్కపెట్టెలు ఉండేవట. బాతుల్ని సాకడం, పిల్లలకి మేత పెట్టడం, పెద్దవాటిని బయట తిప్పి తీసుకురావడం భార్యా పిల్లల పని అని ఆమె రాసింది. ఆ వెంటనే, చాలాసార్లు ఆ బాతులు టోకు పెంపకందారువే అనీ, సరిగా పెరిగిన పిల్లలకి ఇరవైకి ఇంత చొప్పున అతను కుటీరం మగవాడికి డబ్బు ఇస్తాడనీ రాసింది. పని చేసేది ఆమె, కూలి ముట్టేది అతనికి! వంటిల్లు, పడకగది, ప్రసవం, పిల్లలు, వీటి మధ్యనే ఇంకో పరిశ్రమ నడిచింది. దాన్ని నడిపినామె ‘భార్య’ అన్న మాటలో కలిసిపోయింది.

ఆ శతాబ్దం చివర గ్లౌస్టర్‌షైర్‌లోని యూలీ గ్రామంలో ఎడీల్ కాంప్‌బెల్ అనే ఆవిడ ఇండియన్ రన్నర్, రువాన్, అడవి మల్లార్డ్ జాతుల్ని కలిపి కొత్త బాతుని తయారుచేసింది. 1898లో మొదటి రకం, 1901లో ఖాకీ రంగు రకం లోకానికి తెలిశాయి. సైనికుల దుస్తుల రంగు దానికి పేరైంది. ఆమె సంగతి మిసెస్ కాంప్‌బెల్‌గానే మిగిలింది. ఖాకీ కాంప్‌బెల్ ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టగలదు. పొదుగుకి మాత్రం దాదాపుగా కూర్చోదు. మన దేశంలోని ప్రభుత్వ బాతు క్షేత్రాలకి కూడా ఈ జాతి వచ్చింది.

మన ఊళ్ళలోనూ బాతు గుడ్లని కోడి కింద పొదగేయడం ఉన్నదే. గంపలో గడ్డి పరచడం, గుడ్లు ఎంచడం, దీపం ముందు పట్టి మురిగినవి తీసెయ్యడం, పిల్లినీ కాకినీ కాయడం ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళ చేతి మీదుగానే జరుగుతాయి. ‘ఏం చేస్తున్నావు’ అంటే ‘ఇంట్లోనే ఉంటున్నా’ అనే ఆడవాళ్ళు చేసే పనుల్లో ఇదీ ఒకటి.

ఇప్పుడు ఇంటికి కొనుక్కోగలిగే పొదుగు యంత్రాలున్నాయి. బాతు గుడ్లకి ఏం చెయ్యాలో వాటి సూచనల్లో ఉంటుంది. వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలపాలి. రోజుకి కొన్నిసార్లు గుడ్లు తిప్పాలి. కాసేపు మూత తీసి చల్లార్చి, గోరువెచ్చని నీళ్ళు చిలకరిస్తే మంచిది. చివరి మూడు రోజులు తిప్పడం ఆపి, తేమ పెంచాలి. ఈ జాబితాని జాగ్రత్తగా చదివితే మేతకి లేచి వెళ్ళిన అడవిబాతు, తడి ఈకలతో తిరిగొచ్చిన అడవిబాతు అందులో కనిపిస్తుంది. ఆమె చేస్తే స్వభావం అన్నదాన్నే యంత్రం చేస్తే సాంకేతికత అంటున్నాం. దానికి ధర కడుతున్నాం, కరెంటు బిల్లు కడుతున్నాం.

బాతుని స్త్రీకి ప్రతీక చెయ్యాలని కాదు నా ఉద్దేశం. పొదగాలనుకున్న జెమీమాకి హక్కు లేకుండా పోయింది. రోమన్ కాలం నుంచీ ఆ కోడికి ఇష్టముందో లేదో ఎవరూ అడగలేదు. ఐల్స్‌బరీ ఇల్లాలికి కూలి లేదు. ఈ ముగ్గురినీ కొలిచింది మాత్రం ఓపిక అనే ఒకే కొలతతో. ఎవరికైనా ఓపిక లేదని అన్నప్పుడల్లా, ఆ ఓపికతో జరిగే పని ఎవరికి లాభమో, దాని డబ్బు ఎవరి చేతికి వెళుతోందో కూడా అడగాలి. బకింగ్‌హామ్‌షైర్ కుటీరాల్లో ఇరవైకి ఇంత అని లెక్క రాసుకున్న చోట ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.