హాస్టలు గది కథ

మీ అమ్మాయికి కాలేజీలో సీటు వచ్చిందనుకోండి. ఫీజు కట్టేశారు. కొత్త దుప్పటీ, బకెట్టూ, తాళంకప్పా కొనడం కూడా అయింది. ఆవకాయ జాడీలోంచి సీసాలోకి మారింది. ఇంతలో కాలేజీవాళ్ళు ఒక కాగితం చేతికిస్తారు. ఒక్కరుండే గది కావాలా, ఇద్దరుండేదా, ముగ్గురుండేదా? స్నానాలగది గదికి ఆనుకుని ఉండాలా, నడవా చివర అందరికీ కలిపి ఉన్నా ఫరవాలేదా? తోడు ఎవరో మీరే చెబుతారా, మమ్మల్ని చూడమంటారా?

మనం ముందు చూసేది పక్కనున్న అంకెల్ని. ఆ తరవాత, "ఒక్కత్తీ పడుకోవడమేమిటమ్మా, భయం కాదూ!" అంటాం. అంతటితో నిర్ణయం అయిపోతుంది. చూడబోతే చిన్న విషయమే. కాని ఆ కాగితం మీద ఉన్న ఒక్కొక్క ప్రశ్న వెనకా ఒక పోట్లాట ఉంది. ఆడపిల్లకు చదువు ఇవ్వాలా వద్దా అని వాదించుకున్నవాళ్ళే, ఆమెకు ఎలాంటి గది ఇవ్వాలని కూడా వాదించుకున్నారు. ఆ సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

1869లో ఇంగ్లండులో ఎమిలీ డేవిస్ అనే ఆమె ఆడపిల్లల కోసం ఒక కాలేజీ మొదలుపెట్టింది. విద్యార్థినులు ఐదుగురంటే ఐదుగురు. కేంబ్రిడ్జిలోనే పెడితే అక్కడి మగపిల్లల మధ్య ఆడపిల్లలేమిటని నలుగురూ నోరు చేసుకుంటారు. అందుకని ఆ ఊరికి దూరంగా హిచిన్‌లో ఒక ఇల్లు తీసుకుంది. 1873లో కేంబ్రిడ్జికి రెండు మైళ్ళ పైచిలుకు దూరంలో ఉన్న గర్టన్ గ్రామంలో సొంత భవనం లేచింది. అదే గర్టన్ కాలేజీ.

డబ్బుకు కటకటలాడుతున్న రోజులవి. అయినా ఆ భవనంలో ఒక్కొక్క అమ్మాయికీ రెండేసి గదులు ఇచ్చారు. ఒకటి పడుకోవడానికి, ఒకటి కూర్చుని చదువుకోవడానికి. ఇదేం దుబారా అని మనకే అనిపిస్తుంది. కాని ఎమిలీ డేవిస్ దానికి జవాబు చెప్పింది. ఇంట్లో దొరకనిదీ, కాలేజీలో దొరికేదీ ఏదైనా ఉందంటే, అది ఒంటరిగా ఉండగలగడమే. అదే పెద్ద వరం అని ఆమె రాసింది.

ఆమె మాట అర్థం కావాలంటే ఆనాటి మధ్యతరగతి ఇల్లు చూడాలి. ఆడపిల్ల పగలంతా హాల్లో అందరి మధ్యా కూర్చోవాలి. ఎవరైనా వస్తే పలకరించాలి. తమ్ముడు పిలిస్తే లేవాలి, తండ్రి పిలిస్తే లేవాలి. ఆమె చేతిలో పుస్తకం ఉంటే, అది ఎవరైనా ఆపదగ్గ పనే. అంతదాకా ఎందుకు, మన ఇళ్ళు చూసుకోండి. అబ్బాయి చదువుకునే గది అంటాం, వారి ఆఫీసు బల్ల అంటాం. మనకేమో వంటిల్లు మనదని పేరు. ఆ వంటింటి తలుపు ఒక్క గంటసేపు వేసుకుని కూర్చోగలమా? అందుకే ఆ గదికి ఉన్న తలుపు ఆ అమ్మాయిలకు పుస్తకాలతో సమానమైంది.

ఐతే ఆ భవనంలోనే ఇంకో సంగతి ఉంది. మగపిల్లల పాత కాలేజీల్లో గదులు మెట్లదారుల చుట్టూ ఉంటాయి. ఒక్కొక్క మెట్లదారీ నేరుగా ఆరుబయటికి తెరుచుకుంటుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో పక్కవాడికి తెలియదు. గర్టన్ కట్టిన వాటర్‌హౌస్ ఆ పద్ధతి వదిలేసి, పొడవాటి నడవాలు పెట్టి, గదులన్నీ వాటి మీదికి తెరిచాడు. చలిలో, వానలో బయటికి పోకుండా భోజనానికీ పాఠానికీ నడిచిపోవచ్చు. నిజమే. పిల్లల రాకపోకలు కనిపెట్టి ఉండడానికీ అది వీలే. లోపల తలుపు వేసుకునే స్వేచ్ఛ, బయట కాపలా కాసే నడవా. ఆడపిల్లల హాస్టళ్ళలో ఈ రెండూ ఆనాటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

1871లో కేంబ్రిడ్జి ఊళ్ళోనే హెన్రీ సిడ్జ్‌విక్ అనే పండితుడు ఇంకో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అక్కడా మొదట ఐదుగురే. ఆన్ క్లఫ్ అనే ఆమె పెద్దదిక్కు. తరవాత అది న్యూనమ్ కాలేజీ అయింది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కటే గది, అదే పడకగది, అదే చదువుకునే గది. ఒకే పెద్ద మేడ కాకుండా వేర్వేరు భవనాలు కట్టి, దేనికి దానికి భోజనశాల పెట్టారు. ఇల్లులా ఉండాలని వాళ్ళ కోరిక.

1928 అక్టోబరులో రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఈ రెండు కాలేజీల అమ్మాయిల ముందూ ప్రసంగించింది. ఆ ప్రసంగాలే పెరిగి, మరుసటి ఏడు పుస్తకమయ్యాయి. ఆడది రాయాలంటే సొంత ఆదాయమూ, తాళం వేసుకోగల సొంత గదీ కావాలని అందులో ఆమె వాదం. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. కాని ఇంకో లెక్క చూడండి. గర్టన్‌లో గది వచ్చింది 1873లో. ఆడవాళ్ళకు కేంబ్రిడ్జి పూర్తి పట్టా ఇచ్చింది 1948లో. డెబ్బయ్యయిదేళ్ళు ఆ గదుల్లో చదివి, పరీక్షలు రాసి, పూర్తి పట్టా లేకుండా ఇళ్ళకు వెళ్ళారు.

సముద్రం దాటి అమెరికా వెళితే వాదం ఇంకో రకంగా నడిచింది. 1837లో మేరీ లయన్ అనే టీచరు మౌంట్ హోల్యోక్‌లో బడి తెరిచింది. చదువుకీ, భోజనానికీ, బసకీ కలిపి ఏడాదికి 60 డాలర్లు. అంత చవగ్గా ఎలా కుదిరిందంటారా? వంటా, ఊడవడం, బట్టలుతకడం అన్నీ పిల్లలే వంతులవారీగా చేసుకునేవారు. 1865లో తెరిచిన వాసర్ కాలేజీ దీనికి పూర్తిగా ఎదురు. అది పెద్ద రాజభవనంలాంటి కట్టడం. క్లాసులూ, ప్రార్థనా మందిరమూ, పంతుళ్ళ కాపురాలూ, పిల్లల గదులూ అన్నీ ఒకే కప్పు కింద. కొందరికి కలిపి మధ్యలో ఒక కూర్చునే గది, చుట్టూ పడకగదులు. ఇవాళ అక్కడి కాలేజీల్లో "సూట్" అంటున్నది ఇంచుమించు ఇదే. లేవడానికి గంట, చదవడానికి గంట, దీపం ఆర్పడానికి గంట.

మరో పదేళ్ళకు, 1875లో, 14 మందితో స్మిత్ కాలేజీ మొదలైంది. వందలమంది ఆడపిల్లల్ని ఒకే మేడలో పెడితే ఇంటి పద్ధతులు మరిచిపోతారని అక్కడి పెద్దల బెంగ. అందుకని చిన్న చిన్న ఇళ్ళు తీసుకుని, ఒక్కో ఇంటికీ ఒక పెద్దావిణ్ణి పెట్టారు. కాలేజీకి సొంత గ్రంథాలయం కూడా కట్టకుండా, ఊళ్ళోదే వాడుకోమన్నారు. భయంతో పుట్టిన పద్ధతే అయినా దానివల్ల ఒక మంచి జరిగింది. మొదటి ఏడాది పిల్లా, ఆఖరి ఏడాది పిల్లా ఒకే ఇంట్లో ఉంటారు. కొత్తగా వచ్చి బిక్కుబిక్కుమంటున్న పిల్లకు అడగకుండానే అక్కలు దొరుకుతారు. ఆ కాలేజీలో ఆ పద్ధతి ఇంకా ఉంది.

ఇంతవరకూ గది సంగతి. ఆ గదిలో ఎవరితో ఉండాలన్నది ఇంకో పేచీ. దానికి మగపిల్లల కాలేజీ కథ ఒకటి చెప్పాలి.

హార్వర్డులో 1890ల నాటికి డబ్బున్న ఇళ్ళ అబ్బాయిలు కాలేజీ ఆవరణ వదిలేసి, పక్క వీధిలో ప్రయివేటు మేడల్లో ఉండేవారు. వేడి ఆవిరి గొట్టాలూ, సొంత స్నానాలగదులూ, కొన్నింట ఈతకొలనులూ. ఆ వీధికి బంగారు తీరమని పేరు. బీదపిల్లలు పాత భవనాల్లో సరయిన సౌకర్యాలు లేకుండా గడిపేవారు. ఒకే క్లాసు, రెండు లోకాలు. లోవెల్ అనే అధ్యక్షుడికి ఇది నచ్చలేదు. మొదటి ఏడాదివాళ్ళంతా, ఉన్నవాడూ లేనివాడూ, కలిసి ఉండాలన్నాడు. 1914లో నది ఒడ్డున వాళ్ళకోసమే ప్రత్యేకంగా హాస్టళ్ళు తెరిచాడు. కలిసి తిని, కలిసి ఉంటే భేదాలు పోతాయన్నాడు. మంచి ఆలోచన, కదూ!

కాని ఆ "అంతా"లో నల్లజాతి పిల్లలు లేరు. వాళ్ళకు ఆ హాస్టళ్ళలో చోటు లేదన్నది ఆ లోవెలే. అప్పటికే హార్వర్డులో చదివి పట్టా తీసుకున్న రాస్కో కాంక్లింగ్ బ్రూస్ అనే పెద్దమనిషి తన కొడుక్కి గది అడిగితే, కాదన్నారు. పేపర్లకెక్కింది. పాత విద్యార్థుల్లో ఎందరో, తెల్లవాళ్ళే, ఇది అన్యాయమన్నారు. 1923లో కాలేజీ పర్యవేక్షకుల సభ ఒక తీర్మానం చేసింది. రంగును బట్టి ఎవర్నీ ఆ హాస్టళ్ళకు దూరం పెట్టకూడదు, ఐతే రెండు జాతులవాళ్ళనీ కలిసి ఉండమని బలవంతపెట్టనూ కూడదు. తలుపు తెరిచి, గడప మీద గీత గీసినట్టయింది. గది కేటాయించే చేతుల్లో ఎంత ఉంటుందో చూడండి.

ఆ పేచీ ఇంకా తీరలేదు. ఈ రోజుల్లో పిల్లలు కాలేజీకి వెళ్ళకముందే ఫోన్లలో వెతుక్కుని, తమలాంటివాళ్ళనే తోడు ఎంచుకుంటున్నారు. తన ఊరు, తన భాష, తన అంతస్తు. ఇలాగైతే కొత్త మనిషి పరిచయమయ్యేదెప్పుడని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2018లో మొదటి ఏడాదివాళ్ళు తోడును ఎంచుకునే పద్ధతి మానేసింది. మీకు తెలియని మనిషితోనే ఉండండి అంది.

ఇక మన ఇంటికి వద్దాం. 1914లో మద్రాసులో ఆడపిల్లల కోసం ప్రభుత్వ కాలేజీ తెరిచారు. అదే తరవాత క్వీన్ మేరీస్ కాలేజీ అయింది. మరుసటి ఏడు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ వచ్చింది. మన తెలుగు జిల్లాల నుంచీ ఆడపిల్లలు పెట్టే బేడా సర్దుకుని ఆ దారే పట్టారు. ఏ గది అన్న ప్రశ్న వాళ్ళకు లేదు. ఉండడానికి చోటుంటే చదువు, లేకపోతే పెళ్ళి.

దీనికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితమే సాక్ష్యం. రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళివచ్చిన ఆవిడ వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోయారు. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆడపిల్లలకు హాస్టలు లేదు, చేర్చుకోవడం కుదరదన్నారు. మనమైతే ఇంటికి వచ్చి ఏడ్చేవాళ్ళం. ఆవిడ పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే నాకు రాయండి అని! రాశారు. వాళ్ళంతా కలిసి బస ఏర్పాటు చేసుకున్నారు. హాస్టలు ఉంది, ఇప్పుడు సీటు ఇవ్వండన్నారు. ఇచ్చారు. జైలు గది చూసి వచ్చిన మనిషికి హాస్టలు గది విలువ ఒకరు చెప్పాలా? చదువు పూర్తిచేసి, లా చదివి, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. మద్రాసులో ఆవిడ 1937లో నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభ ఎందరు ఆడవాళ్ళకు చదువూ, ఆసరా ఇచ్చిందో మీకు తెలియనిది కాదు.

ఇప్పుడు మళ్ళీ ఆ కాగితం తీయండి. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయిని చేర్చినరోజున వార్డెను గారి పక్కగది ఖాళీ ఉందంటే, పిల్లను అడక్కుండానే అదే కావాలన్నాను. రెండేళ్ళ తరవాత అది నాతో, "అమ్మా, ఆ గది నీ భయానికి సరిపోయింది. నా సంగతి ఎవరూ అడగలేదు" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఒక్కరుండే గది గర్వానికి కాదు. తెల్లవారుజామున లేచి చదివే పిల్లకూ, నలుగురిలో మనసు నిలవని పిల్లకూ అది అవసరం. కాని ఇల్లు ఎప్పుడూ వదలని, నోరు విప్పి అడగలేని పిల్ల ఒంటరి గదిలో మరీ ముడుచుకుపోవచ్చు. ఇద్దరుండే గదిలో దీపం ఎప్పుడు ఆర్పాలి, ఫ్యాను ఎంత తిప్పాలి, ఎవరి చుట్టాలు ఎంతసేపు కూర్చోవాలి అన్నవి మొదటి వారంలోనే మాట్లాడుకోమనండి. సర్దుకుపోవడం మనం నేర్పుతాం, అడగడం నేర్పం. రెండూ కావాలి. నడవా చివర స్నానాలగది ఉన్న పాత హాస్టలైతే కొంత ఇబ్బందే. కాని ఆ వరసలోనే స్నేహాలు కలుస్తాయి. రాత్రి నడవాలో దీపాలు వెలుగుతాయా, గదికి లోపల గడియ ఉందా, పై తరగతి పిల్లలు దగ్గర్లో ఉంటారా అన్నవి రూపాయల కంటే ముందు అడగవలసినవి. తోడు మన ఊరిదే, మనవాళ్ళే కావాలని పట్టుబట్టకండి. కొత్త మనిషితో కలిసి బతకడం కూడా చదువే.

అన్నీ అడిగాక, కలం పిల్ల చేతికివ్వండి. తన గది తనే ఎంచుకోనివ్వండి. అక్కడ తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు అమ్మను వెలివేసిందని బాధపడకండి. ఆ తలుపు ఆమెకు దొరకడానికి ముందుతరాల ఆడవాళ్ళు చాలాకాలం బయట నిలబడ్డారు.