ఎదురుగాలిలో ఇంటికి

జనవరి ఉదయం. జై హింద్ స్టేషన్‌లో మెట్రో దిగి బయటికొచ్చేసరికి కోల్‌కతా దమ్ దమ్‌లో పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. మీ భుజాన సంచి, చేతిలో సందేశ్ డబ్బా. చలికాలపు ఈతబెల్లంతో చేసిన సందేశ్ అది. ఆ బెల్లాన్ని ఇక్కడివాళ్ళు నొలెన్ గుడ్ అంటారు. అట్ట అడుగు కాస్త చెమ్మెక్కింది, లోపల్నుంచి పొగచూరిన తీపి వాసన. 2013లో తెరిచిన విమానాశ్రయ టెర్మినల్ కప్పు నిండా బంగ్లా అక్షరాలు, రవీంద్రుడి రాతలు.

సీట్లో కూర్చోగానే హనుమకొండ నుంచి అమ్మ ఫోన్.

"ఎక్కినవా బిడ్డా?"

"ఎక్కిన అమ్మా. పన్నెండున్నరకు శంషాబాద్‌ల దిగుత."

"రెండున్నర గంటలా? నువ్వు పోయేటప్పుడు గింతసేపు పట్టలేదు గదా!"

పది దాటింది. తలుపు మూసుకుంది. టికెట్ మీది సమయం గాల్లో ఎగిరేది మాత్రమే కాదు. ఇక్కడ విమానం కదిలిన క్షణం నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. మీరు పోవాల్సింది నైరుతికి. చలికాలపు గాలి ఉత్తరం నుంచి వీస్తుంది కాబట్టి విమానం ఆ గాలికి ఎదురుగా, ఉత్తరానికే లేస్తుంది. కింద చెరువులు, కొబ్బరిచెట్లు. ఎడమ రెక్క వంగుతుంది. హుగ్లీ నది బూడిదరంగు దారంలా జారిపోతుంది.

శంషాబాద్ ఇక్కడికి సూటిగా 1,200 కిలోమీటర్లు. తీరం పట్టుకుని పోయే రైలుకి 1,500 పైమాటే, ఒక పగలూ ఒక రాత్రీ. మ్యాపు మీద గీసిన గీత మాత్రం అడవుల్ని కోసుకుంటూ పోతుంది. ఒడిశాలో మహానది కొండల మధ్య ఇరుకున పారే సత్కోసియా, ఆపైన కలహండి, బస్తర్.

34 వేల అడుగుల ఎత్తున అమ్మ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. చలికాలంలో ఇంత ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. విమానం వేగం గంటకు 800 కిలోమీటర్లు, ఎదురుగాలి 100 అనుకుంటే నేల మీద లెక్కకు 700 మిగులుతుంది. కోల్‌కతాకు వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 900. దూరం అదే, తేడా ఇరవై నిమిషాల పైన.

ఏటూరునాగారం దగ్గర గోదావరి. తెల్లని ఇసుక మధ్య మూడు నాలుగు నీలి పాయలు. కాసేపటికి చెవులు దిబ్బళ్ళు వేస్తాయి, విమానం దిగడం మొదలైంది. కింద వరంగల్, పక్కనే హనుమకొండ. ఇల్లు మీ కాళ్ళ కిందే ఉంది. కానీ ఇక్కడి మామునూరు రన్‌వే మీద ప్రయాణికుల విమానం దిగక దశాబ్దాలైంది. శంషాబాద్ దాకా పోయి, రోడ్డు మీద మూడు గంటలు మళ్ళీ వెనక్కి రావాల్సిందే.

చక్రాలు నేలను తాకాయి. ఫోన్ తీస్తారు.

"దిగిన అమ్మా. గాలి ఎదురొచ్చింది, గందుకే ఆలస్యం. మన ఇంటి మీదికెళ్ళే వచ్చిన."

"ముందుగాల చెప్తే బయటికొచ్చి చూస్తుంటి గద బిడ్డా!"