మకార్ట్నీ ఎత్తుగడ, లెనన్ ముడి

నాటకాలకు హార్మోనియం వాయించుకునేవాడికి బీటిల్స్‌తో పనేమిటని మా బృందంలో నన్ను ఆటపట్టిస్తుంటారు. అలా అన్నవాళ్లకు ‘వి కెన్ వర్క్ ఇట్ అవుట్’ వినిపిస్తాను. 1965 అక్టోబరులో రికార్డు చేసిన ఆ రాక్ పాటలో హార్మోనియం మోగుతుంది. వాయించింది జాన్ లెనన్. పాట ఎత్తుగడ మాత్రం పాల్ మకార్ట్నీది.

ఆ ఎత్తుగడలో హుషారుంది, తగవు తీరిపోతుందిలే అన్న ధీమా ఉంది. మధ్యలో లెనన్ భాగం రాగానే బాణీ మైనర్ స్కేలులోకి దిగి, గొంతులో అసహనం మొదలవుతుంది. ఆ భాగం చివర్లో నాలుగు లెక్కన నడిచే తాళం మూడుకు మారుతుంది. ఆ మార్పు బీటిల్స్‌లోనే మరొకడైన జార్జ్ హారిసన్ సలహా. ఆ బరువు దాటి వచ్చాక మకార్ట్నీ ధీమా మళ్లీ వింటే, ఈసారి నమ్మబుద్ధేస్తుంది.

ఈ జోడీ 1957 జులై 6న లివర్‌పూల్ శివారు వూల్టన్‌లో, చర్చి తిరునాళ్లలో కలిసింది. లెనన్‌కు 16, మకార్ట్నీకి 15. పాల్ తల్లి అంతకుముందు ఏడాదే పోయింది. జాన్ తల్లి ఆ మరుసటి ఏడాది పోయింది. ఫోర్త్‌లిన్ రోడ్డులో మకార్ట్నీల ఇంట్లో గిటార్లు పట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. పాల్‌ది ఎడమచేతి వాటం. అందుకని ఒకరి వేళ్లు ఇంకొకరికి అద్దంలో చూసుకున్నట్టే కనిపించేవి. ఎవరు రాసినా పాట కింద ఇద్దరి పేర్లూ వేయాలని అప్పుడే అనుకున్నారు.

ఇద్దరి చేయీ వేరు. లెనన్ బాణీ రెండు మూడు స్వరాల దగ్గరే తిరుగుతుంది, కింద స్వరాల కూర్పులు (కార్డులు) మారుతుంటాయి. ‘ఐ యామ్ ద వాల్రస్’ మొదలు వింటే తెలుస్తుంది. మకార్ట్నీ బాణీ మెట్లెక్కుతుంది, గెంతుతుంది. లెనన్ ‘హెల్ప్!’లో తన గోడే చెప్పుకుంటే, మకార్ట్నీ ‘ఎలినార్ రిగ్బీ’లో ఊళ్లో ఒంటరివాళ్ల కథ చెప్పాడు.

1967 ఫిబ్రవరిలో ఒకే రికార్డుకు రెండు వైపులా ఇద్దరూ చిన్ననాటి లివర్‌పూల్‌నే పాడారు. లెనన్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ అతను ఆడుకున్న అనాథాశ్రమం తోట గురించి; శ్రుతి, వేగం వేరువేరుగా ఉన్న రెండు రికార్డింగులను అతికిస్తే వచ్చిన కలవరింత అది. మకార్ట్నీ ‘పెనీ లేన్’లో మంగలి షాపు, ఫైరింజన్, మీద పికోలో ట్రంపెట్, అంతా పట్టపగలే.

నాకన్నిటికన్నా ఇష్టం ‘ఎ డే ఇన్ ద లైఫ్’. పేపరు వార్తల మీద లెనన్ పాట కట్టాడు. మధ్యలో ఏం పెట్టాలో తేలక 24 బార్లు (తాళావర్తాలు) ఖాళీగా వదిలి రికార్డు చేశారు. వాళ్ల సహాయకుడు మాల్ ఎవాన్స్ ఆ బార్లను పైకి లెక్కపెట్టి, చివర్లో అలారం గడియారం మోగించాడు. నిద్రలేచి బస్సు కోసం పరిగెత్తే మనిషి గురించి మకార్ట్నీ దగ్గర ఒక ముక్క ఉంది. సరిగ్గా ఆ అలారం తర్వాత అది అతికింది. ఖాళీ బార్లను 40 మంది వాద్యకారులు అడుగు స్వరం నుంచి పైదాకా పాకుతూ నింపారు.

1970లో బీటిల్స్ బృందం విడిపోయింది. తర్వాత ఎవరికి వారు మంచి పాటలే చేశారు. బ్యాండు పెట్టుకుంటున్న కుర్రాళ్లకు నేను చెప్పేదొకటే: మీలాగే రాసేవాణ్ణి వెతుక్కోకండి. మీకు రానిది వచ్చినవాణ్ణి పట్టుకోండి, మీ పాటలో అతనికి చోటు వదలండి.