పస్కా బలి – సబ్త్ నియమం: ఒక ధర్మసందేహ చరిత్ర

సబ్త్ అనగానే దివ్య ఖుర్ఆన్ పాఠకులకు సముద్రతీర వాసుల ఉదంతం జ్ఞాపకం వస్తుంది. శనివారం పాటించవలసిన నియమాన్ని వారు అతిక్రమించిన సంగతి అల్ ఆరాఫ్ సూరా (7:163)లో ఉంది. అక్కడున్నది ఒకే ఆజ్ఞ. అయితే రెండు దైవాజ్ఞలు ఒకే రోజున ఎదురుపడితే దేనిని పాటించాలి? పూర్వం యూద ధర్మవేత్తలకు ఈ చిక్కే ఎదురైంది.

ఈజిప్టు దాస్యం నుండి బనీ ఇస్రాయీల్ విముక్తికి గుర్తుగా నీసాన్ నెల 14వ తేదీ సాయంకాలం గొర్రెపిల్లనో, మేకపిల్లనో జిబహ్ చేయాలని, ఆ రాత్రి దానిని నిప్పుమీద కాల్చి పులియని రొట్టెతో, చేదు ఆకులతో తినాలని తౌరాత్ ఆదేశం. సబ్త్ నాడు పనిచేయరాదన్నదీ తౌరాత్ ఆదేశమే. మరి 14వ తేదీ శనివారమైతే?

తల్మూద్ కథనం ప్రకారం, ఒకసారి అలాగే జరిగింది. జెరూసలేంలో ధర్మపీఠం పెద్దలైన బెతేరా వంశీయులకు ఆ నియమం గుర్తులేదు. బబులోను నుండి వచ్చిన హిల్లేల్ అనే పండితుణ్ణి పిలిపించారు. ఆయన ఇలా వాదించాడు: నిత్యబలి సబ్త్ నాడు కూడా ఆగదు, దానిని గురించీ, పస్కాను గురించీ తౌరాత్ 'దాని నియమిత కాలంలో' అన్న ఒకే మాట వాడింది. పైగా పస్కాను విడిచినవానికి బహిష్కార శిక్ష ఉంది, నిత్యబలికి అది లేదు. కనుక పస్కా సబ్త్ నాడు తప్పక చెల్లుతుంది. ఇది మన ఫిఖ్హ్ లోని ఖియాస్‌ను పోలిన పద్ధతి.

అయితే జెరూసలేం తల్మూద్ మరో సంగతి చెబుతుంది. సభవారు ఈ తర్కాన్ని అంగీకరించలేదు. నిత్యబలికి సంఖ్య నిర్ణీతం, పస్కాకు అలా కాదు గదా అని ఖండించారు. చివరకు "షెమయా, అబ్తాలియోన్ అనే గురువుల నుండి నేనిలా విన్నాను" అని హిల్లేల్ చెప్పిన తర్వాతే ఒప్పుకొని, ఆయనను తమకు పెద్దగా చేసుకున్నారు.

పెద్దరికం వచ్చిన వెంటనే హిల్లేల్ సభను మందలించాడు. అంతలో, ముందురోజే కత్తి తెచ్చుకోవడం మరచినవాడు సబ్త్ నాడు ఏం చేయాలని అడిగారు. ఆ నియమం ఆయనకే గుర్తు రాలేదు! ప్రజలేం చేస్తారో చూడమన్నాడు. మరునాడు గొర్రెపిల్ల తెచ్చినవారు దాని ఉన్నిలో, మేకపిల్ల తెచ్చినవారు దాని కొమ్ముల నడుమ కత్తి గుచ్చి తోలుకొచ్చారు. అది చూశాక ఆయనకు గురువుల మాట జ్ఞప్తికి వచ్చింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నా ఈ మినహాయింపుకు హద్దులు గీసింది. జిబహ్, రక్తప్రోక్షణ సబ్త్ నాడు చేయవచ్చు. కాల్చడం మాత్రం చీకటిపడ్డాకే. ముందురోజే చేయగల పని ఏదీ సబ్త్‌ను అతిక్రమించరాదన్నది అకీవా సూత్రం.

క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని ధ్వంసం చేయడంతో అక్కడి బలి ఆగిపోయింది. చర్చ మాత్రం గ్రంథాల్లో నిలిచింది. ఈ కథనం గ్రంథస్థమైనది సంఘటన తర్వాత కొన్ని శతాబ్దాలకన్నది మరువరాదు. అయినా ఇందులోని ప్రశ్న మనకు కొత్తది కాదు. తర్కానికి ఎంత విలువ, పరంపరగా విన్న మాటకు ఎంత విలువ అన్న చర్చ మన ఇమాములూ చేసినదే. మదీనా ప్రజల ఆచరణను ఇమామ్ మాలిక్ ప్రమాణంగా స్వీకరించారు. పండితుడు మరచిన ధర్మాన్ని సామాన్యుల ఆచరణ గుర్తుచేసిందన్నది ఈ కథలోని పాఠం. విద్య ఉన్నచోట వినయం కూడా ఉండాలి.