పాఠాన్ని ముక్కలు చేసిన కథ

తెరమీద ఒక బ్యాటరీ, ఒక బల్బు, రెండు తీగలు. వేలితో లాగి కలపగానే తీగల వెంట నీలిచుక్కలు బారులు తీరి కదులుతాయి, బల్బు వెలుగుతుంది. వరుసలో రెండో బ్యాటరీ చేరిస్తే కాంతి పెరుగుతుంది, చుక్కల పరుగు ఎక్కువవుతుంది. బల్బు తీసేసి తీగను బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా తగిలిస్తే బ్యాటరీ మీద మంటలు లేస్తాయి. ల్యాబ్‌లో ఏ మాస్టారూ చేయనివ్వని ప్రయోగం! ఇది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో తయారైంది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది మొదలుపెట్టిన ‘ఫెట్’ ప్రాజెక్టు ఫలం. పదో తరగతి పంతులుగారూ, డిగ్రీ లెక్చరరూ దీన్నే ఎవరి పాఠంలో వారు పెట్టుకుంటారు. ఇలా ఒకసారి తయారుచేసి, పదిచోట్ల పదిరకాలుగా వాడుకోగలిగే డిజిటల్ పాఠం ముక్కను ‘లెర్నింగ్ ఆబ్జెక్ట్’ అంటారు.

ఈ పేరులోని ‘ఆబ్జెక్ట్’ బడి నుంచి వచ్చింది కాదు. 1960లలో నార్వేలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ సిములా అనే కంప్యూటర్ భాషను రూపొందించారు. ప్రోగ్రామును విడివిడి ఆబ్జెక్టులుగా రాసి, వాటిని మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతికి పునాది అక్కడే పడింది. 1992లో వేన్ హాడ్జిన్స్ అనే శిక్షణరంగ నిపుణుడు తన పిల్లలు లెగో ఇటుకలతో ఆడుకుంటుంటే చూస్తూ, పాఠాలు కూడా ఇలా ఒకదానికొకటి అతుక్కుంటే ఎంత బాగుండును అనుకున్నాడట. రెండేళ్లకు ఆయన నడిపిన కార్యబృందం పేరులోనే ‘లెర్నింగ్ ఆబ్జెక్ట్స్’ అన్న మాట చేరింది.

అవసరం మాత్రం అంతకుముందే విమానాల వాళ్లకు వచ్చింది. ఒక్కో తయారీదారు శిక్షణ పాఠాలు ఒక్కో రకం కంప్యూటర్ మీదే నడిస్తే, నాలుగు రకాల విమానాలున్న సంస్థ ఏం చేయాలి? ఆ చిక్కు విప్పడానికి 1988లో విమాన పరిశ్రమ ఒక కమిటీ వేసుకుంది. ఆ తర్వాత అమెరికా రక్షణశాఖ దిగింది. 1997లో మొదలైన దాని కార్యక్రమం నుంచి 2000లో ‘స్కార్మ్’ అనే ప్రమాణం వచ్చింది.

స్కార్మ్ పాఠం అంటే నిజానికి ఒక జిప్ ఫైలు. విప్పి చూస్తే పేజీలు, బొమ్మలు, ప్రశ్నలు, వాటన్నిటికీ పైన ఏది ఎక్కడుందో చెప్పే ఒక జాబితా ఫైలు కనిపిస్తాయి. పిల్లవాడు పాఠం తెరిచాడా, పూర్తిచేశాడా, ఎన్ని మార్కులొచ్చాయి అన్న కబురు దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది. అంతవరకు బాగా పనిచేసింది. 2001 నాటి 1.2 రూపం ఇప్పటికీ మూడుల్ అనే బోధనా సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. కానీ ఈ ప్రమాణం చేసినవాళ్ల శ్రద్ధంతా పెట్టె మీదే. పెట్టెలోది ఇంకొకరు విప్పి, దిద్ది, తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకోగలరా అన్నది ఎవరికీ పెద్దగా పట్టలేదు.

పట్టించుకున్నవాడు విద్యా సాంకేతిక నిపుణుడు డేవిడ్ వైలీ. లెగో పోలికే తప్పన్నాడు. ఏ ఇటుకనైనా ఏ ఇటుకతోనైనా అతికించవచ్చు, పాఠాలు అలా అతుక్కోవు. పరమాణువులతో పోల్చండి, కొన్ని కొన్నిటితోనే కలుస్తాయి అన్నాడు. ఆయన ఎత్తిచూపిన పెద్ద చిక్కు మరొకటుంది. గుంటూరు మిర్చి యార్డు ధరలతో శాతాలు నేర్పామనుకోండి. గుంటూరు పిల్లవాడికి చిటికెలో అర్థమవుతుంది, ఆ పాఠం ఊరు దాటితే చప్పబడుతుంది. మిర్చి తీసేసి ఉత్త అంకెలు మిగిలిస్తే పాఠం ఎక్కడికైనా వెళ్తుంది కానీ ఏ పిల్లవాడికీ రుచించదు. ఎంత బాగా నేర్పితే అంత తక్కువచోట్ల పనికొస్తుంది. ఈ ముడి విప్పేది ప్రమాణాలు కాదు, మార్చుకునే హక్కు. గుంటూరు పాఠంలో మిర్చి తీసి నిజామాబాద్ మాస్టారు పసుపు పెట్టుకోగలగాలి.

ఆ హక్కు కోసం వైలీ 1998లోనే ఒక ఓపెన్ కంటెంట్ లైసెన్సు రాశాడు. 2002 డిసెంబరులో అదే బాటలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. ఎమ్‌ఐటీ తన కోర్సుల సామగ్రిని ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించింది. మరుసటి ఏడాది పారిస్‌లో జరిగిన యునెస్కో సమావేశం ఇలాంటి సామగ్రికి ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అన్న పేరు పెట్టింది. అక్కడినుంచి కథ మలుపు తిరిగింది. నా దృష్టిలో అసలు పునర్వినియోగం మొదలైంది అప్పుడే.

హక్కుతోపాటు మూలఫైలూ ఉండాలి. ఒకప్పుడు లెక్కలేనన్ని పాఠాలను ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశారు. 2020 చివరితో ఫ్లాష్‌కు కాలం చెల్లింది. తిరగరాసేవాళ్లు లేని పాఠాలు అలాగే మూగబోయాయి. జావా అనే కంప్యూటర్ భాషలో పుట్టిన ఫెట్ బొమ్మల్లో చాలావాటిని కొత్త వెబ్ పద్ధతిలోకి తిరగరాశారు కాబట్టే ఇవాళ ఫోనులోనూ ఆడుతున్నాయి. వాటిలో మాటల్ని విడిగా ఉంచడంవల్ల స్వచ్ఛందంగా అనువదించేవాళ్ల చేతుల మీదుగా అవి అనేక భాషల్లోకి వెళ్లాయి.

మన దేశంలో బొంబాయి ఐఐటీ వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ఇదే దారి పట్టింది. పది నిమిషాల వీడియో. తెరమీది దృశ్యం అదే ఉంటుంది, గొంతు మాత్రం తెలుగులోకో తమిళంలోకో మారుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2013లో ఓపెన్ వనరుల భాండాగారం తెరిచింది. 2017 సెప్టెంబరు 5న దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక మొదలయ్యాక పాఠ్యపుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్ వచ్చింది. పుస్తకం పేజీకి పాఠం ముక్క అతికిన చోటు అదే.

కరోనా కాలంలో మన ఉపాధ్యాయులు రాత్రుళ్లు కూర్చుని ఎన్నో పాఠాలు తయారుచేశారు. వాటిలో చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లోనే ఉండిపోయాయి. మాస్టార్లూ, టీచరమ్మలూ, మీ పాత ఫోను ఒకసారి వెతకండి. దొరికిన ప్రతి పాఠం కింద ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఒక్క వాక్యం రాసి, మూలఫైలుతో సహా అందరికీ దొరికేచోట పెట్టండి.