హఫ్తా: శనివారానికీ వారానికీ ఒకటే పేరు

ధర్మపురి చేనేత కుటుంబాల్లో మనం ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుకుంటాం. మన పద్దుల్లో మూడో భాష ఒకటి ఉందని మాత్రం గమనించం. జమ, బాకీ, వసూలు, రసీదు, వాయిదా... ఇవన్నీ ఉర్దూ దారిన వచ్చి మనవైపోయిన మాటలే.

ఇందుకు చరిత్ర ఉంది. మన సీమకు పాత పేరు బారామహల్. 'బారా' అంటే పన్నెండు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఏలిన ఈ ప్రాంతం 1792లో శ్రీరంగపట్నం సంధితో ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఇక్కడ శిస్తు లెక్కలు కట్టారు. దొరలు మారినా దఫ్తరు మాటలు మారలేదు. ఈనాటికీ తాలూకా ఆఫీసులో ఏటా జరిగేది జమాబందీయే కదా!

ఆ ఉర్దూలో రోజుల పేర్లు చూడండి. ఇత్వార్ అంటే మన ఆదిత్యవారమే. మంగళ్, బుధ్ చెప్పనక్కర్లేదు. శుక్రవారం జుమ్మా, అంటే నమాజుకు అందరూ కూడే రోజు. గురువారం జుమేరాత్, అంటే జుమ్మా ముందటి రాత్రి. ముస్లింల లెక్కలో రోజు పొద్దుగుంకగానే మొదలవుతుంది మరి. పడుగు ఒకచోటిది, పేక మరోచోటిది.

శనివారం పేరు హఫ్తా. ఫారసీలో 'హఫ్త్' అంటే ఏడు, మన 'సప్త'కు తోబుట్టువు. ఏడు రోజులకూ అదే పేరు, అందులో ఒక రోజుకూ అదే పేరు. వింతగా ఉందా? మన 'వారం' కూడా అంతే. "ఇవాళ ఏ వారం?" అంటే రోజు, "వచ్చే వారం రండి" అంటే ఏడు రోజులు.

హఫ్తా అక్కడితో ఆగలేదు. షోలాపూర్, భీవండి మగ్గాలకు వలసపోయిన మనవాళ్లు విన్న మరాఠీలో హప్తా అంటే అప్పు తీర్చే కంతు. బొంబాయి వీధుల్లో అదే మాట రౌడీ మామూలు అయింది. రోజు పేరు గడువైంది, గడువు బాకీ అయింది. వారం కూలి మీద, వారం వడ్డీ మీద బతికినవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పిల్లలకు అచ్చ తెలుగు నేర్పాలని కొందరు ఇలాంటి మాటలను ఏరేయమంటున్నారు. ఏరేస్తే మన చరిత్రే పోతుంది. మన ఇళ్లలో అటకల మీదున్న పాత పద్దు పుస్తకాలు చిత్తుకాగితాల బండెక్కకముందే దించుదాం. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో మాటకూ అర్థం రాసిపెట్టుకుందాం.